ట్రాక్టరుకు అదనపు వాల్వు – కొనే ముందు చూసుకోవలసినవి

(విజయనగరంలో జరిగిన సభ్య సంఘాల కార్యదర్శుల శిక్షణ తరగతిలో, వ్యవసాయ యంత్రాల మరమ్మతు షెడ్డు నడిపే ఒక మిత్రుడు చేసిన ప్రసంగ పాఠం)

2022లో పార్వతీపురం వేరే జిల్లా అయినప్పటికీ అక్కడి సంఘాల వారు కూడా తెల్లవారుజామునే బయలుదేరి ఇంత దూరం వచ్చినందుకు చాలా సంతోషం. నేను ఉపన్యాసకుణ్ణి కాను. చేతులకు నూనె మరకలతో బతికేవాణ్ణి. మాట తడబడితే మన్నించండి.

మన ఊళ్లలో పరిస్థితి మీకు తెలియనిది కాదు. కుర్రాళ్లు విశాఖకు, హైదరాబాదుకు, చెన్నైకి వలస పోయారు. కళ్ళంలో గెత్తం ఎత్తడానికి, మొక్కజొన్న చొప్ప దించడానికి మనుషులు దొరకడం లేదు. అందువల్ల సంఘం ట్రాక్టరుకు తిరగబడే తొట్టి, ముందు భాగాన గెత్తం ఎత్తే లోడరు తగిలించుకుందామన్న ఆలోచన చాలా చోట్ల వస్తోంది. ఆలోచన మంచిదే. ఐతే తొట్టి ఎంచడానికి పది ఊళ్లు తిరిగే మనం, దాన్ని ఎత్తించే దించే వాల్వు దగ్గరకు వచ్చేసరికి కొట్టువాడు ఏది చేతిలో పెడితే అది పట్టుకొస్తున్నాం. ఈ వేళ నేను ఆ వాల్వు గురించే చెబుతాను.

ముందు ఒక సంగతి మనవి చేస్తాను. ఊరి పేరు చెప్పను, చంపావతి నదికి దగ్గరలోనిదే. సంఘం వారు గెత్తం తొట్టిని ఎత్తి ఉంచారు. ఇంజను ఆపేశారు. తొట్టి కింద బోల్టు పడిపోయిందని ఒక తల్లి వంగి తీస్తూ ఉంది. ట్రాక్టరు మీద ఆడుకుంటున్న పిల్లవాడి మోకాలు లివరుకు తగిలింది. తొట్టి బరువుకే నూనె వెనక్కి పోయి తొట్టి కిందికి దిగింది. ఆ తల్లి జానెడులో తప్పించుకుంది. తరువాత నన్ను పిలిచి వాల్వు విప్పించారు. లివరును మధ్యకు తెచ్చే స్ప్రింగు విరిగి ఎన్నాళ్లయిందో! మధ్యలో కదలకుండా పట్టి ఉంచే కొక్కెమైతే ఆ వాల్వుకు మొదటి నుంచీ లేదు. ఇంజను ఆపితే తొట్టి ఆగుతుందని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. ఎత్తడానికి ఇంజను కావాలి, దిగడానికి అక్కర్లేదు.

వాల్వు లోపల గాడులున్న గుండ్రని ఉక్కు కడ్డీ ఉంటుంది, దానినే స్పూలు అంటారు. లివరు లాగితే ఆ కడ్డీ జరిగి పంపు నుంచి వచ్చే నూనెకు దారి మారుస్తుంది. ఇంతే దాని పని. కనుక వాల్వు కొనేవాడు మొదట అడగవలసిన ప్రశ్న: ఎవరూ లివరు ముట్టుకోనప్పుడు పంపు నూనె ఎక్కడికి పోతుంది?

మన ప్రాంతంలో తిరిగే 35 నుంచి 50 గుర్రాల ట్రాక్టర్లలో ఎక్కువ వాటికి గేరు పంపు ఉంటుంది. ఇంజను తిరిగినంత సేపూ అది నూనె తోస్తూనే ఉంటుంది. పొలంలో మోటారు నడుస్తుండగా మడవలన్నీ మూసేస్తే ఏమవుతుంది? నీరు గట్టు తెంచుకుంటుంది. అందుకని ఇలాంటి పంపుకు, లివరు మధ్యలో ఉన్నప్పుడు నూనెను తిన్నగా ట్యాంకుకు వదిలే వాల్వు కావాలి. దాన్ని ఓపెన్ సెంటర్ అంటారు. క్లోజ్డ్ సెంటర్ వాల్వు బిగిస్తే నూనె పోవడానికి దారి లేక రిలీఫ్ వాల్వు నిరంతరం కీచుమంటుంది, నూనె సలసల కాగుతుంది, పంపు పోతుంది. పైకి చూస్తే రెండూ ఒక్కలాగే ఉంటాయి. పేరు పలక మీది గుర్తులు చదివించుకోండి, లేదా కొట్టులోనే రంధ్రంలో గాలి ఊది చూడండి. పంపు వైపు రంధ్రంలో ఊదిన గాలి ట్యాంకు వైపు సులువుగా రావాలి.

దీనికి ఒక మినహాయింపు ఉంది. ట్రాక్టరు వెనుక మూడు చేతుల లిఫ్టును హైడ్రాలిక్‌తో నడిపే పద్ధతిని హారీ ఫెర్గూసన్ అనే ఐర్లండు ఇంజనీరు 1936లో అమ్మకానికి తెచ్చాడు. 1960లో మద్రాసులో టాఫే సంస్థ ఏర్పడి ఆ వంశపు మాసీ ఫెర్గూసన్ ట్రాక్టర్లను మన దేశంలో తయారు చేసింది. ఆ పద్ధతిలోని పాత బళ్లలో పిస్టన్ల పంపు గేరుబాక్సు నూనెలోనే మునిగి ఉంటుంది. దాని కంట్రోలు వాల్వు పంపు పీల్చే వైపున ఉంటుంది. లిఫ్టు పని ముగిస్తే పంపుకు నూనె అందడమే ఆగిపోతుంది. అటువంటి బండికి బయట వాల్వు తగిలించి లివరు లాగితే తొట్టి కదలదు. ‘వాల్వు పాడైంది, మార్చు’ అని కొట్టుకు తిరిగి తెచ్చిన వారిని నేను చూశాను. వాల్వు పాడు కాలేదు బాబూ! సీటు పక్కనున్న లివరును కాన్‌స్టంట్ పంపింగ్ అని గుర్తున్న చోటికి తేవాలి, అప్పుడే నూనె తిరుగుతుంది. ఇలాంటి బండి ఉన్న సంఘం వారు వాల్వు కొనే ముందు మెకానిక్కుకు బండి చూపించి తీరాలి.

ఇక సిలిండరు సంగతి. తొట్టి ఎత్తే సిలిండరుకు ఒకే పైపు. ఎత్తడం నూనె పని, దించడం బరువు పని. దానికి సింగిల్ యాక్టింగ్ వాల్వు చాలు. లోడరుకు, నేల చదును చేసే బ్లేడుకు రెండు పైపుల సిలిండరు, డబుల్ యాక్టింగ్ వాల్వు కావాలి. ‘డబుల్ అయితే రెండు పనులకూ పనికొస్తుంది కదా’ అని దాన్నే తెచ్చి, రెండో రంధ్రానికి బిరడా కొట్టి తొట్టికి వాడేవారున్నారు. దించేటప్పుడు ఏమవుతుందో గమనించండి. తొట్టి నూనె ట్యాంకుకు పోతుంది, నిజమే. కాని అదే సమయంలో పంపు నూనె ఆ బిరడా మీదకు పోయి అక్కడ కొట్టుకుంటుంది. దించిన ప్రతిసారీ రిలీఫ్ అరుస్తుంది. కొన్ని వాల్వులకు లోపలి మరను మార్చి సింగిల్‌గా వాడుకునే ఏర్పాటు ఉంటుంది. అటువంటిది అడిగి తెచ్చుకుంటే పేచీ లేదు.

బ్లేడు నేల ఎత్తుపల్లాలను బట్టి తానే లేచి దిగాలంటే ఫ్లోటు అనే నాలుగో స్థానం ఉండాలి. లోడరు తీసుకునేవారు ఎత్తే లివరుకు ఇది తప్పక చూసుకోండి. లేకుంటే కళ్ళంలో గెత్తంతో పాటు మట్టినీ తవ్వుకుంటారు. వదిలినా లివరు అక్కడే నిలబడే రకం కూడా వస్తుంది. అది హైడ్రాలిక్ మోటారు నడపడానికి గాని, ఎత్తే పనికి కాదు. ఎత్తే లివరు చెయ్యి వదలగానే మధ్యకు వచ్చేయాలి.

మోటారు మాట వచ్చింది గనుక, చాఫ్ కట్టరును హైడ్రాలిక్ మోటారుతో తిప్పవచ్చా అని పొద్దున గజపతినగరం వైపు నుంచి వచ్చిన ఒక కార్యదర్శి గారు అడిగారు. తిప్పవచ్చు. కాని నేను వద్దంటాను. లెక్క చూడండి. నిమిషానికి 20 లీటర్ల నూనె 150 కిలోల ఒత్తిడితో వస్తే అందులో ఉన్న బలం ఆరున్నర గుర్రాలే. దానిలోనూ కొంత వేడిగా పోతుంది. అదే ట్రాక్టరు వెనుక తిరిగే పి.టి.ఓ. షాఫ్టు దానికి ఎన్నో రెట్ల బలాన్ని, పెద్దగా నూనె కాగకుండా ఇస్తుంది. తిరిగే పని పి.టి.ఓ.కు, ఎత్తే పని నూనెకు వదలండి.

ఎత్తే పనిలో నూనె ఎంత మొనగాడో కూడా చెబుతాను. 90 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం ఉన్న సిలిండరు అదే 150 కిలోల ఒత్తిడి వద్ద తొమ్మిదిన్నర టన్నుల తోపు ఇస్తుంది. అది మీటరు పొడవు సాగితే లోపల 6.4 లీటర్ల నూనె పడుతుంది. 20 లీటర్ల పంపుతో సుమారు 19 సెకన్లలో ఎత్తేస్తుంది. ఐతే ఆ 6.4 లీటర్లూ గేరుబాక్సు నుంచే వస్తాయి. తొట్టి పైకి లేచి ఉండగా లోపల నూనె మట్టం తగ్గి, ఏటవాలు నేల మీద పంపు గాలి పీల్చే ప్రమాదం ఉంది. బిగించిన తరువాత ఒకసారి ఎత్తి దించి, నూనె ఎంత అదనంగా పోయాలో కంపెనీ పుస్తకం ప్రకారం చూడండి. మీ పంపు నిజంగా ఎన్ని లీటర్లు ఇస్తోందో తెలియాలంటే పైపు బకెట్లో పెట్టి గడియారం చూస్తే చాలు. 10 లీటర్ల బకెట్టు అర నిమిషంలో నిండితే నిమిషానికి 20 లీటర్లు. దయచేసి పాల క్యాను మాత్రం ఈ పనికి వాడకండి. నవ్వకండి, చేశారు!

ఇక అన్నిటికంటె ఎక్కువ డబ్బు పోగొట్టే తప్పు. మొదటి ఏడు తొట్టికి ఒక వాల్వు. రెండో ఏడు లోడరుకు ఇంకొకటి. రెండో దానికి నూనె ఎక్కడి నుంచి? మొదటి వాల్వు ట్యాంకు రంధ్రం నుంచి పైపు తీసి రెండో దానికి తగిలిస్తారు. లోడరు బరువు ఎత్తగానే ఆ ఒత్తిడి అంతా వెనక్కి తన్ని మొదటి వాల్వు ట్యాంకు దారిలో నిలుస్తుంది. ఆ దారి ఖాళీ నూనె పోవడానికి చేసినది, అంత ఒత్తిడిని భరించదు. సీళ్లు ఎగిరిపోతాయి, ఒక్కోసారి పోత ఇనుము పగులుతుంది. ఒకటి కింద ఒకటి పెట్టాలంటే మొదటి వాల్వుకు పవర్ బియాండ్ అనే వేరే దారి ఉండాలి. ఆ దారి నుంచి రెండో వాల్వుకు ఒక పైపు, రెండు వాల్వుల నుంచీ ట్యాంకుకు విడివిడిగా పైపులు ఉండాలి. మొదటిసారి కొన్నప్పుడే ‘పవర్ బియాండ్ తొడుగు పడుతుందా’ అని అడగండి. పడేది తెచ్చుకుంటే రెండో ఏడు తొడుగు ఒక్కటీ మారిస్తే సరిపోతుంది. లేదా లోడరు తప్పదని ముందే తెలిస్తే మూడు లివర్ల వాల్వు ఒకేసారి కొనడం మేలు.

ఒకే వాల్వును రెండు పనులకు మళ్లించే సెలెక్టరు వాల్వులు కూడా ఉన్నాయి. ఖర్చు తక్కువ, కాని ఒకసారికి ఒక పనే. బ్యాటరీ కరెంటుతో పనిచేసే రకమైతే మన వానలకు, చీపురుపల్లి, గరివిడి వైపు లేచే ఎర్ర దుమ్ముకు వైర్లు, కనెక్షన్లు గట్టిగా కప్పి ఉంచాలి. దుమ్ము అంటే గుర్తొచ్చింది, పైపుల జాయింట్లకు మూతలు పారేయకండి. స్పూలుకూ దాని గూడుకూ మధ్య సందు వెంట్రుక కంటె సన్నం. ఊరి తొట్లన్నీ ఒకే ట్రాక్టరుకు మార్చి మార్చి తగిలిస్తే ఒకరి తొట్టిలోని మురికి నూనె అందరి గేరుబాక్సులోకీ వస్తుంది.

పాత సామాను సంగతి అడిగారు. విశాఖలో తవ్వకపు యంత్రాల వాల్వులు చవకగా దొరుకుతాయి. అవి నిమిషానికి వంద లీటర్లకు పైబడిన నూనెకు చేసినవి. మన 20, 30 లీటర్లకు లివరు కొంచెం కదిపితే చాలు, తొట్టి ఎగిరిపడుతుంది. 40 లీటర్ల తరగతి కొత్త వాల్వు మనకు సరిపడుతుంది. రిలీఫ్ ఒత్తిడి కంపెనీ చెప్పిన దాని కంటె పెంచవద్దు. ‘బరువు లేవడం లేదు, మర బిగించు’ అని డ్రైవర్లు అడుగుతారు. బరువు తగ్గించమని చెప్పండి.

చివరిగా, మంచి వాల్వు కూడా నూనెను పూర్తిగా కట్టిపడేయలేదు. స్పూలు పక్కల నుంచి బొట్టు బొట్టుగా జారుతూనే ఉంటుంది. కనుక తొట్టి సిలిండరు మొదట్లోనే, పైపు పగిలినా నూనె ఒక్కసారిగా పోకుండా ఆపే చిన్న వాల్వు పెట్టించండి. తొట్టి కింద చెయ్యి పెట్టవలసి వస్తే ముందు ఇనుప ఊత పెట్టాలి. ఆ ఊత తొట్టికే కీలుతో వేలాడుతూ ఉండాలి, ఇంట్లో మరిచిపోయే వీలు లేకుండా. పైపు కారుతోందని వేలితో తడిమి చూడకండి. సూదిబెజ్జంలోంచి వచ్చే నూనె చర్మంలోకి దిగిపోతుంది. పైకి చిన్న చుక్కలాగే కనిపిస్తుంది, వేలు తీసేయవలసి రావచ్చు. అట్టముక్క అడ్డం పెట్టి చూడండి. దిగబడినట్టు అనుమానం వచ్చినా నొప్పి కోసం ఆగక వెంటనే పెద్ద ఆసుపత్రికి తీసుకుపోండి.

అధ్యక్షుల వారు గడియారం చూస్తున్నారు. బయట చెట్టు కింద ట్రాక్టరు, తొట్టి నిలిపి ఉంచాము. అక్కడ వాల్వు విప్పి ఓపెన్ సెంటర్ దారిలో గాలి ఊది చూపిస్తాను. తరువాత తొట్టి ఎత్తుతాను. నేను ఊత పెట్టి చెప్పే దాకా ఎవరూ దగ్గరకు రావద్దు. పిల్లలను తీసుకొచ్చిన వారు వారిని ఎత్తుకోండి.