ముప్పునకు కట్టడిని ముడివేయుట
(సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నేటి విషయము వినగానే ఇది కార్యాలయముల గొడవ, మన సంఘమున కేల యని కొందరికి తోచవచ్చును. మన కుటుంబములు ఈ ప్రాంతములకు వచ్చి తరములు గడచినవి. పెద్దలు సేద్యము, నేత, వర్తకములతో బ్రతికిరి. నేడు మన పిల్లలు పలువురు బెంగళూరు, చెన్నై, పూణే నగరములలో బ్యాంకులయందును, సాఫ్టువేరు సంస్థలయందును, ఆడిటు కార్యాలయములయందును పనిచేయుచున్నారు. మీ పని యేమని తలిదండ్రులు అడిగినచో, వారిలో కొందరు "రిస్కులకు కంట్రోళ్లు లింకు చేయుట" అని చెప్పి ఊరకుందురు. ఆ పని ఎట్టిదో, అది సరిగా జరుగనిచో ఎవరి సొమ్ము పోవునో చెప్పదలచితిమి.

రిస్కును మేము ముప్పు అనియు, కంట్రోలును కట్టడి అనియు అనెదము. ఈ పనికై వాడు సాఫ్టువేరులో ముఖ్యముగా రెండు చిట్టాలుండును. ఒకదానిలో సంస్థకు రాగల ముప్పులు, రెండవదానిలో వానిని ఆపుటకు ఏర్పరచిన కట్టడులు వ్రాయబడును. ఏ ముప్పునకు ఏ కట్టడి కావలి కాయుచున్నదో చూపుచు ఈ రెంటిని కలుపుటయే లింకు. ఆ ముడి తప్పినచో చిట్టాలు రెండును నిండియున్నను సంస్థ బోసిగా నున్నట్లే.

ఒక నిజమైన ఉదాహరణము చెప్పెదము. 2018 ఫిబ్రవరి 14వ తేదీన పంజాబు నేషనల్ బ్యాంకు తన ముంబయి శాఖ యొకదానిలో సుమారు 11,400 కోట్ల రూపాయల అక్రమ లావాదేవీలు కనిపెట్టినట్లు ప్రకటించెను. అటుపిమ్మట ఆ లెక్క 13,000 కోట్లు దాటినది. దిగుమతి వర్తకుని తరపున బ్యాంకు "ఇతడు చెల్లించనిచో మేము చెల్లించెదము" అని విదేశములందలి బ్యాంకు శాఖలకు హామీ పంపెడి ఆచారము అప్పుడుండెను. ఆ హామీ స్విఫ్టు అను అంతర్జాతీయ సందేశ యంత్రము ద్వారా పోవును. బ్యాంకు లెక్కలన్నియు కోర్ బ్యాంకింగు అను వేరొక యంత్రములో నుండును. ఆ కాలమున ఆ బ్యాంకులో ఈ రెండు యంత్రములకును నడుమ ముడి లేకుండెను. సందేశము విదేశమునకు పోయినది. లెక్కల పుస్తకములో ఒక్క అక్షరమైనను పడలేదు.

ఇట్టి పనికి కట్టడులు లేవని ఎవరును అనజాలరు. సందేశమును ఒకరు తయారుచేయవలెను, మరియొకరు సరిచూడవలెను. ఉద్యోగులను కొంతకాలమున కొకసారి బదిలీ చేయవలెను. ఆడిటు జరుగవలెను. కాని ఆ చూచువారు పుస్తకములను చూతురు. పుస్తకములో లేని హామీని పుస్తకములో ఎట్లు చూడగలరు? వీధి తలుపునకు మూడు తాళములు బిగించి పెరటి తలుపును గడియ పెట్టకుండ వదలిన యింటివలె నుండినది. 2018 జనవరిలో ఆ వర్తక సంస్థలు మరల హామీలు కోరగా శాఖవారు పూర్తి నగదు మార్జిను అడిగిరి. ఇదివరలో మార్జిను లేకయే పొందితిమని సంస్థలవారు చెప్పిరట. పాత లెక్కలు వెదకగా అట్టి హామీల జాడయే కానరాలేదు. అట్లు బయటపడినది.

ఇందు మరియొక సంగతి గమనింపదగినది. స్విఫ్టు యంత్రమును దుర్వినియోగము చేయు అవకాశమున్నదని 2016 ఆగస్టు మొదలు కనీసము మూడు పర్యాయములు బ్యాంకులను రహస్యముగా హెచ్చరించితిమని రిజర్వు బ్యాంకు 2018 ఫిబ్రవరి 20వ తేదీన ప్రకటించెను. అనగా ముప్పు తెలిసినదే. కట్టడులును కాగితముపై కలవు. ఆ ముప్పు పేరు చెప్పి, దాని కెదురుగా "ఇదిగో దీనిని ఆపునది" అని ఒక కట్టడిని నిలబెట్టిన వ్రాతయే కొరవడినది.

కనుక మన పిల్లలకు మేము మొదట చెప్పునది: ముప్పును ఒక నిండు వాక్యముగా వ్రాయుడు. "మోసము జరుగవచ్చును" అని వ్రాసినచో లోకములోని ప్రతి కట్టడియు దానికి అతుకును. ఆ అతుకు వలన ఒరిగెడిది లేదు. "స్విఫ్టు యంత్రమునకు లెక్కల యంత్రముతో సంబంధము లేనందున, శాఖా ఉద్యోగి పుస్తకములో వ్రాయకయే హామీ పంపగలడు, అందువలన బ్యాంకునకు తెలియని అప్పు మీదపడును" అని వ్రాసి చూడుడు. కారణము, సంఘటన, ఫలితము మూడును వచ్చినవి. ఇప్పుడు ఏ కట్టడి దీనికి తగునో, ఏది తగదో తెలియును. లెక్కలలో పద్దు సంఖ్య లేనిదే సందేశము కదలకుండ చేయుట ఇందులకు తగును. అది ముందే అడ్డుకొనునది. శాఖతో సంబంధము లేని వ్యక్తి మరునాటి ఉదయము స్విఫ్టువారి జాబితాను పుస్తకముతో పోల్చుట కూడ తగును. అది జరిగినదానిని వెంటనే పట్టునది. అయితే ఆ జాబితా శాఖ చేతి మీదుగా రాకూడదు.

ఒక ముప్పునకు నాలుగు కట్టడులుండవచ్చును, ఒక కట్టడి పది ముప్పులకు కావలి కాయవచ్చును. ఉద్యోగుల బదిలీ అట్టిది. ఒక శాఖలో బదిలీలు జరుగలేదని తేలిన నాడు, దానిపై ఆధారపడిన ముప్పులన్నియు తెరచుకొన్నవని సాఫ్టువేరు ఆ క్షణముననే చూపవలెను. చేతివ్రాత పుస్తకముతో ఇది సాధ్యము కాదు. ఈ సాఫ్టువేరు చేయు గొప్ప మేలు మా దృష్టిలో ఇదియే. రంగుల పటములు, శాతములు మాకంతగా రుచింపవు; పై అధికారి ఆకుపచ్చ రంగు చూచి సంతసించి ఇంటికి పోవుటకే అవి తరచుగా ఉపకరించుచున్నవి.

వరుస తలక్రిందులు చేయుటయు నేడు ప్రబలినది. సమాచార భద్రతకు సంబంధించిన ఐ.ఎస్.ఓ. 27001 ప్రమాణపు 2022 ప్రతి అనుబంధములో 93 కట్టడులు కలవు. ముందు మీ ముప్పులను తూచి, వానికి కావలసిన కట్టడులను నిర్ణయించి, ఏదైన మరచితిమా యని చూచుటకు ఆ జాబితాతో పోల్చుకొనుడని ఆ ప్రమాణమే చెప్పుచున్నది. జరుగుచున్న దేమి? జాబితాను ముందిడుకొని 93 గళ్లు నింపి, ఆ పిమ్మట ప్రతిదానికి తగినదని తోచిన ముప్పు నొకదానిని వెదకి తగిలించుచున్నారు. మీట నొక్కిన ముడి పడును గనుక అబద్ధపు ముడియు అంతే సులభముగా పడును.

ఇక సత్యం కంప్యూటర్సు సంగతి. హైదరాబాదులో పుట్టిన ఆ సంస్థయందు తెలుగువారికి ఎంత గర్వముండెనో పెద్దల కెరుకయే. 2009 జనవరి 7వ తేదీన దాని అధ్యక్షుడు, పుస్తకములలో చూపిన నగదు, బ్యాంకు నిలువలలో 5,040 కోట్లు లేనివని లేఖ వ్రాసెను. ఇచ్చట ముప్పునకు కట్టడి ముడిపడియే యుండెను: నిలువ నిజమా యని బ్యాంకునే అడిగి ధ్రువపత్రము తెప్పించుకొనుట ఆడిటరు విధి. కాని ఆ పత్రములు పంపుటను, రాబట్టుటను ఆడిటరులు కంపెనీ చేతికే వదలిరని అమెరికా సెక్యూరిటీల కమిషను 2011లో తేల్చెను. కంచెయే చేను మేయునేమో యన్నదే ముప్పయినప్పుడు, కంచెనే సాక్ష్య మడుగుట యేమి కట్టడి? అందుచేత ముడి వేసినపుడు మరియొక గడి నింపవలెను: ఈ కట్టడి నడచినదనుటకు ఋజువు ఎవరి చేతినుండి వచ్చుచున్నది?

2013 కంపెనీల చట్టము 134వ సెక్షను, లిస్టెడు కంపెనీల డైరెక్టరులు ఆర్థిక కట్టడులు తగినవై యున్నవనియు, సమర్థముగా నడచుచున్నవనియు చెప్పవలెనని విధించినది. తగియుండుట వేరు, నడచుట వేరు. సాఫ్టువేరులో ఈ రెంటికిని వేరువేరు గళ్లు ఉంచి, వేరువేరు తేదీలు వేయవలెను. కట్టడికి బాధ్యుడైన వ్యక్తి బదిలీయైనచో ఆ గడి ఖాళీ కావలెను. పాత పేరు అట్లే నిలిచియుండరాదు.

ముంబయి వ్యవహారము బయటపడిన పిమ్మట రిజర్వు బ్యాంకు 2018 మార్చిలో ఆ హామీపత్రముల పద్ధతినే నిలిపివేసినది. స్విఫ్టును లెక్కల యంత్రముతో కలుపుటకు ఏప్రిలు 30 గడువుగా విధించినది. యంత్రములు కలిసిన నాడు పాత ముప్పు తగ్గును, క్రొత్తది పుట్టును. ఆ రెంటి నడుమ తీగ ఒక రాత్రి తెగినచో సందేశము ఆగునా, లేక పద్దు సంఖ్య లేకయే సాగిపోవునా? సాగిపోవునట్లున్నచో తెల్లవారి చూచువాడెవడు? ఈ వాక్యమును చిట్టాలో వ్రాసి, దాని కెదురుగా ఒక పేరు వ్రాయునంతవరకు ఆ పని ముగియలేదు. సభ్యులలో బ్యాంకు ఉద్యోగులు కలరు. ఇచ్చట మేము వదలిన వివరములను వారు చెప్పుటకై సమయము విడిచి విరమించుచున్నాము.