కాలుకి మోటారు పెట్టిన మనిషి

డ్యూటీ అయ్యి రూముకి చేరారా? ఈ వారం హ్యూ హెర్ అనే డిజైనర్ గురించి చెప్తాను. అమెరికాలో ఎంఐటీలో ప్రొఫెసర్.

చిన్నప్పుడు ఆయనకి కొండలెక్కే పిచ్చి. చదువు మీద ధ్యాస తక్కువ. 1982 జనవరిలో, 17 ఏళ్లప్పుడు, మౌంట్ వాషింగ్టన్ మీద మంచు తుఫానులో స్నేహితుడితో కలిసి దారి తప్పాడు. వెతకడానికి వెళ్లినవాళ్లలో ఆల్బర్ట్ డౌ అనే యువకుడు మంచు విరిగిపడి చనిపోయాడు. హెర్ బతికాడు గానీ రెండు కాళ్లూ మోకాళ్ల కింద తీసేశారు.

ఇక కొండెక్కలేవన్నారు డాక్టర్లు. ఆయనేమో వర్క్‌షాపులో కూర్చుని తన కాళ్లు తనే చేసుకున్నాడు. సన్నటి రాతి అంచు మీద నిలబడటానికి చిన్న పాదం. ఐసుకి మేకుల పాదం. కాలు పొడవు కూడా కావలసినంత పెంచుకునేవాడు! మళ్లీ కొండెక్కాడు. ఆ తర్వాతే పట్టుబట్టి చదివాడు: ఎంఐటీలో మెకానికల్, హార్వర్డ్‌లో డాక్టరేట్.

ఆయన పని అర్థం కావాలంటే మీ నడక చూసుకోండి. అడుగు లేచేటప్పుడు పిక్క కండ బలంగా నెడుతుంది. మామూలు కృత్రిమ పాదం స్ప్రింగులాంటిది, మనం నొక్కినదాంట్లోనే కొంత తిరిగిస్తుంది. అందుకే తొందరగా అలుపు. హెర్ చీలమండలో మోటారు, బ్యాటరీ, సెన్సార్లు పెట్టాడు. అడుగు ఎక్కడుందో కనిపెట్టి సరిగ్గా ఆ క్షణాన నెడుతుంది. బోస్టన్ బాంబు పేలుడులో కాలు పోయిన డాన్సర్ ఏడ్రియన్ హాస్లెట్, ఆయన బృందం చేసిన కాలుతో 2014లో స్టేజీ మీద నాట్యం చేసింది.

సైటు మీద కాలు పోయిన మనవాళ్లకి ఇదెందుకు అంటారా? ఆ కాలు ధర లక్షల్లో, రోజూ చార్జింగ్ పెట్టాలి. పొలంలో, బురదలో తిరిగేవాడికి నన్నడిగితే జైపూర్ కాలే నయం. 1968లో రామచంద్ర శర్మ అనే పనివాడు, డాక్టర్ సేఠీ కలిసి చేసింది. రబ్బరు పాదం, చెప్పుల్లేకుండా నడవొచ్చు, నేలమీద కూర్చోవచ్చు. జైపూర్‌లో భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితి ఉచితంగా పెడుతుంది.

ఒక్క మాట. కాలు పోయాక మిగిలిన భాగం నెలల తరబడి సన్నబడుతుంది, దాంతో తొడిగే సాకెట్ వదులైపోతుంది, మళ్లీ మార్చాలి. కంపెనీ సెటిల్‌మెంట్ కాగితం ముందు పెడితే, ఒక్క కాలు ధర చూసి సంతకం పెట్టకండి. మార్పిడి ఖర్చు కూడా అడగండి, రాసివ్వమనండి.