ప్రహ్లాదుని ప్రత్యుత్తరము
(సూరతులో తెలుగువారి సభయందు చేసిన ప్రసంగము)



పోతన భాగవతమున సప్తమస్కంధములోని ప్రహ్లాద చరిత్రమును మనము భక్తికథగా చదువుచుందుము. అది సరియే. కాని అది ఒక తండ్రికిని కుమారునికిని నడుమ చెడిన బాంధవ్యపు కథ కూడ. ఆ దృష్టితో అందలి ఒక్క కందపద్యమును నేడు మీతో విచారింపదలచితిని.

హిరణ్యకశిపుడు కుమారుని శుక్రాచార్యుని పుత్రుల యొద్ద చదువునకు పెట్టెను. కొంతకాలమునకు బాలుని రప్పించి, కౌగిలించి, తొడపై కూర్చుండబెట్టుకొని, ఆనందబాష్పములు రాల్చుచు, ఏమి చదివితివో చెప్పుమనెను. ఇచ్చట ఆతడు మనవంటి తండ్రియే.

కుమారుని ప్రత్యుత్తరమే ఆ పద్యము. మొదటి పాదము చదివించిన గురువులను తలచును. రెండవది తండ్రి కోరిన ధర్మార్థశాస్త్రములు చదివినట్లు తెలుపును. మూడవది చదివినవి ఇంకను పెక్కు గలవనును. నాలుగవ పాదమున గాని, చదువులలోని మర్మము గ్రహించితినన్న తన సొంత మాట రాదు. ఆ పాదమునకు తుదిపదము తండ్రిని పిలుచు సంబోధనము. భేదము బయలుపడనున్న చోటనే పోతన ఆ పిలుపు నుంచినాడు. పిమ్మట బాలుడు విష్ణుభక్తిని ప్రశంసించెను.

తండ్రి తొలుత గురువుపై మండిపడెను. ఇది ఎవరును నేర్పినది కాదని గురువు విన్నవించిన పిదప కుమారుని తొడపైనుండి పడద్రోసెను. ఆ కోపమునకు కారణము లేకపోలేదు. సోదరుడైన హిరణ్యాక్షుని విష్ణువు వరాహరూపమున సంహరించియుండెను. ఆ పగవాని పేరే కన్నకొడుకు నోట వినవలసివచ్చెను.

మరి బాలుడెచ్చట నేర్చెను? తండ్రి తపస్సునకై మందరగిరికి పోయిన కాలమున, గర్భవతియైన లీలావతిని ఇంద్రుడు చెరగొనిపోవుచుండ, నారదుడు విడిపించి తన ఆశ్రమమున నిలిపెను. ఆమెకు చేసిన బోధ గర్భస్థశిశువు వినెను. తండ్రి వరములకై దూరమున నుండగా కుమారుని మనస్సు వేరొక చోట రూపొందినది. నీకెవరు నేర్పిరని గర్జించిన తండ్రి, ఆ కాలమున తానెచ్చట నుంటినని ఆలోచింపలేదు.

మనము నివసించు ఈ గుర్జరదేశమున ప్రేమానందకవి 1683లో రచించిన కుంవర్‌బాయి మామేరు కథ ఇందుకు ప్రతిబింబము వంటిది. అచ్చట భక్తుడు తండ్రియే. కుమార్తె సీమంతమునకు సారె తేవలసిన నరసింహ మెహతా రిక్తహస్తములతో, భజనబృందముతో వచ్చెను. అత్తవారింట తలవంపులైన కుమార్తె ఆయనను నిష్ఠురములాడెను. ఆయన కోపింపక, కావలసినవన్నియు అత్తగారిచేత వ్రాయించి తెమ్మనెను. దైవమే వర్తకుని రూపమున వచ్చి ఆ సారె నొసగెనని కథ. బిడ్డ మాట వినుటకు ఆ తండ్రి వెనుదీయలేదు.

ఉద్యోగధర్మముచే బదిలీలపై తపతీతీరమునకు వచ్చిన మనకు ఈ రెండు కథలును దూరమైనవి కావు. మన పిల్లలు బడిలో గుజరాతీ, హిందీ, ఇంగ్లీషు నేర్చుచున్నారు. ఇంటికి వచ్చిన చుట్టముల యెదుట ఒక తెలుగు పద్యము చదువుమనగా తడబడిన, మన కోపము మొదట బడిపై, పిదప తల్లిపై, తుదకు బిడ్డపై పడును. తెలుగు నేర్పుట మన విధి. అయితే ఏమి నేర్చితివని అడుగునప్పుడు, మనము తలచిన జవాబు తప్ప వేరొకటి వినుటకు సిద్ధముగా నుంటిమా యని కూడ విచారించుకొనవలెను.

తన్ను ఏనుగులచే త్రొక్కింపజూచి, విషము పెట్టించిన ఆ తండ్రిని పవిత్రుని చేయుమని ప్రహ్లాదుడు తుదకు నరసింహుని వేడుకొనెను. ఇరువదియొక్క తరముల పితరులతో గూడ నీ తండ్రి పవిత్రుడయ్యెనని స్వామి పలికెను. పద్యము తుదినున్న ఆ పిలుపును కుమారుడు కడవరకు నిలుపుకొనెను. కాని ఆ ప్రార్థన వినుటకు తండ్రి బ్రతికి లేడు.

మన బిడ్డల మాట వినుటకు మనకింకను కాలమున్నది. సెలవు.