లెక్కకెక్కని నీళ్లు



గాంధేయ ఆర్థికవేత్త కుమారప్ప గారి పేరిట జరిగే సభలో జీడీపీ మాట ఎత్తితే ఆయన హర్షించేవారో లేదో! అయినా ఆయన చూపిన తేడాతోనే మొదలుపెడతాను. వాడేకొద్దీ తరిగిపోయే బొగ్గు, పెట్రోలు ఒక రకం. నది పారుదల, అడవిలో ఏటేటా పెరిగే కలప ఇంకో రకం. పెరిగినంతే తీసుకున్నన్నాళ్లూ రెండోది తరగదు. ఈ ఆలోచనతో ఆయన జైల్లో రాసిన ‘ఎకానమీ ఆఫ్ పర్మనెన్స్’ పుస్తకం 1945లో వచ్చింది.

మరి భూగర్భ జలం ఏ రకం? వాన ఇంకినంత తోడితే రెండో రకం. అంతకు మించి తోడితే అదే నీరు బొగ్గు అయిపోతుంది. మన దేశ వృద్ధి కథలో ఈ గీత ఎప్పుడు దాటామో ఎవరూ గమనించలేదు, ఎందుకంటే దాటినప్పుడు పంట పెరిగింది.

1966లో మెక్సికో నుంచి 18,000 టన్నుల పొట్టి గోధుమ విత్తనం తెప్పించాం. దానికి తడి వేళకు అందాలి. కాలువ నీరు వంతు ప్రకారం వస్తుంది, గొట్టపుబావి రైతు చేతిలో ఉంటుంది. పంజాబులో బావులు పెరిగాయి. ప్రభుత్వం ధాన్యం కొంటానన్నది కనుక, అక్కడివాళ్లు పెద్దగా తినని వరి కూడా వచ్చింది. 1997లో సేద్యానికి కరెంటు ఉచితమైంది. నేడు అక్కడ ఏటా తోడుకోదగినదానికి ఒకటిన్నర రెట్లు తోడుతున్నారు. ఆ ధాన్యం జాతీయాదాయంలో కలుస్తుంది, తరిగిన నీరు మాత్రం ఎక్కడా తీసివేతకు రాదు.

జూన్ 10కి ముందు వరి నాట్లు వేయకూడదని 2009లో పంజాబు చట్టం చేసింది. మండుటెండలో ఆవిరయ్యే నీరు కొంత మిగిలింది. కానీ కోతలు వెనక్కి జరిగాయి. గోధుమ విత్తడానికి వ్యవధి చాలక గడ్డి తగలబెట్టడం గాలి కదలని చలి రోజుల్లో పడింది. ఆ పొగ ఢిల్లీ పీలుస్తోంది. పర్యావరణ పరిమితి గోడలా అడ్డం నిలబడుతుందని ఆర్థికవేత్తలు ఎదురుచూస్తారు. నా అనుభవంలో అది బిల్లులా పక్కింటికి వెళుతుంది.

మన తెలుగు నేల చాలావరకు రాతినేల. పంజాబు ఒండ్రులా లోతైన నిల్వ లేదు. మెత్తబడిన పై పొరలోనూ, గ్రానైట్ పగుళ్లలోనూ ఉన్నదే నీరు. అక్కడ మట్టం దిగుతుంది, ఇక్కడ బోరే ఎండుతుంది, అప్పు మిగులుతుంది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనూ ఉచిత విద్యుత్ వచ్చింది. కరువు రైతుకు అది ఊరటే, కాదనను. కానీ కరెంటు నీటిని పుట్టించదు.

అదే దశకంలో ఇక్కడి కరువు జిల్లాల్లోనే కొన్ని ఊళ్ల రైతులు బావుల మట్టం, వాన తామే కొలిచి, రబీకి ముందు ఊరి నీటి బడ్జెట్ వేసుకున్నారు. ఎవరూ శాసించలేదు, జరిమానా లేదు. లెక్క చూసి చాలామంది వరి తగ్గించి ఆరుతడి పంటలకు మళ్లారు. ధాన్యానికి ఉన్నంత గట్టి ప్రభుత్వ కొనుగోలు ఆ పంటలకు ఈనాటికీ లేదు.