ఒక జింక కూర, రెండు దేశాల చట్టం



ఆగస్టు 9 వచ్చిందంటే డోళ్లు మోగిస్తాం, ర్యాలీ తీస్తాం, జల్ జంగల్ జమీన్ అని నినదిస్తాం. ఇవాళ నేను ఒక కూర గురించి మాట్లాడతాను. జింక కూర. నవ్వకండి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ. ఈ మాట పైకి అనడానికే మన ఊళ్లలో పెద్దవాళ్లు చుట్టూ చూసుకుంటారు. అదే కూరను అమెరికాలో ఒక ఆదివాసీ తల్లి తలుపులు తీసి పెట్టుకుని వండుకుంటుంది. ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం.

ఆ తల్లి ఓజిబ్వే జాతి మనిషి. వాళ్లది అమెరికా ఉత్తరాన పెద్ద సరస్సుల ప్రాంతం. విస్కాన్సిన్, మిన్నెసోటా రాష్ట్రాల్లో వాళ్లు ఎక్కువ. అక్కడి జింక తెల్లతోక జింక. దాని మాంసంలో కొవ్వు దాదాపు ఉండదు. మంట ఎక్కువ పెడితే ఎండి చెక్కలా అవుతుంది. అందుకే కూరకు జబ్బ మాంసం, మెడ మాంసం తీసుకుంటారు. ముక్కలు కోసి, కాస్త కొవ్వులో ఎర్రగా వేయించి, ఉల్లిపాయ వేసి, మునిగేదాకా నీళ్లు పోసి, సన్నని సెగ మీద రెండు మూడు గంటలు వదిలేస్తారు. గట్టి నరాలన్నీ కరిగి జిగురై రసం చిక్కబడుతుంది. క్యారెట్, ఆలుగడ్డ తర్వాత పడతాయి. చివరి ముప్పావుగంటకు మనోమిన్ వేస్తారు. అది సరస్సుల్లో దానంతట అదే పెరిగే గడ్డిగింజ. పడవలో వెళ్లి, రెండు కర్రలతో వెన్నులు వంచి, తట్టి, గింజ రాలుస్తారు. ఒక గిన్నె తాగితే మంచుకాలం పూట గడిచిపోతుంది.

ఆ కుండ కింద మంట ఎలా నిలబడిందో వినండి. 1837లో ఓజిబ్వేలు అమెరికా ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని భూమి వదులుకున్నారు. కానీ ఆ భూమి మీద వేటాడే హక్కు, చేపలు పట్టే హక్కు, మనోమిన్ ఏరుకునే హక్కు తమ దగ్గరే పెట్టుకున్నారు. తర్వాత రాష్ట్రాలు ఆ కాగితాన్ని పక్కన పడేశాయి. వేటకు పోతే కేసు, చేప పడితే కేసు. 1974లో విస్కాన్సిన్‌లో ఇద్దరు అన్నదమ్ములు కావాలనే రిజర్వేషన్ హద్దు దాటి ఈటెతో చేపలు పట్టి అరెస్టయ్యారు. ఆ గొడవ కోర్టుకెక్కింది. 1983లో అక్కడి ఫెడరల్ అప్పీలు కోర్టు, ఒప్పందపు హక్కు చావలేదని తేల్చింది. 1999లో మిన్నెసోటా కేసులో దేశపు సుప్రీంకోర్టు కూడా 5-4తో అదే మాట చెప్పింది. ఈ మధ్యలో 1980ల చివర చేపలకు వెళ్లిన ఓజిబ్వేల మీద సరస్సుల గట్ల దగ్గర రాళ్లు పడ్డాయి, జాతి పేరుతో తిట్లు పడ్డాయి. అయినా వాళ్లు వెనక్కి రాలేదు.

గెలిచాక వాళ్లు చేసిన పని ఇంకా ముఖ్యం. హక్కు వచ్చింది కదా అని అడవి మీద పడలేదు. 1984లో తెగలన్నీ కలిసి సొంత చేప, వన్యప్రాణి కమిషన్ పెట్టుకున్నాయి. వేట ఏ నెలలో, ఎవరికి అనుమతి, కొట్టిన జింకను ఎక్కడ నమోదు చేయించాలి, అన్నీ రాసుకున్నారు. కాపలాకు సొంత వార్డెన్లను పెట్టుకున్నారు. తప్పు చేస్తే తెగ కోర్టే విచారిస్తుంది. ఆ తల్లి కుండలో మాంసం ఉందంటే దాని వెనుక ఇంత లెక్క ఉంది.

ఇప్పుడు మన సంగతి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నేరం చేసింది. మనం పోరాడి తెచ్చుకున్న 2006 అటవీ హక్కుల చట్టం కూడా సంప్రదాయ హక్కులన్నీ ఇస్తూనే, 3(1) సెక్షన్‌లో వేటను మాత్రం పేరు పెట్టి తీసేసింది. తమాషా ఏమిటంటే, అదే 1972 చట్టంలో 65వ సెక్షన్ ఉంది. నికోబార్ దీవుల షెడ్యూల్డ్ తెగలకు అంతకుముందే ఉన్న వేట హక్కులకు ఈ చట్టం అడ్డు రాదని రాశారు. అంటే ఆదివాసీ వేట వేరు, షికారు వేరు అని రాసిన వాళ్లకు తెలుసు. మన దాకా వచ్చేసరికి మరిచిపోయారు.

అడవిని ఖాళీ చేసింది మన విల్లా? కొరియా సంస్థానం రాజు 1947లో కాల్చిన మూడు చీతాలే ఈ దేశంలో చివరివని చెబుతారు. తుపాకులూ, దీపాలూ, బండ్లూ వాళ్లవి. దొంగ అన్న పేరు మాత్రం మనకు మిగిలింది. వేట ఉన్న కాలంలో మన ఊళ్లలో మాంసం ఒక ఇంటిది కాదు. వాటాలు వేసేవాళ్లు. వేటకు రాలేని ముసలివాళ్లకూ అందేది. ఎండబెట్టిన తునకలు కరువు రోజుల్లో పనికొచ్చేవి.

అయితే ఒక మాట సూటిగా చెప్తున్నా. ఇవాళ అడవిలోకి ఉచ్చులు పట్టుకుని పొమ్మని నేను అనడం లేదు. అడవి చిక్కిపోయింది. ఎవడు చిక్కించినా సరే, మిగిలిన దుప్పి మనకూ దుప్పే. ఇంకో సంగతి. టౌన్‌లో ఎవడో జింక మాంసం కావాలంటాడు, మధ్యలో ఇంకొకడు మన పిల్లాడి చేతిలో నాలుగు నోట్లు పెట్టి కరెంటు తీగ పెట్టమంటాడు. ఆ తీగకు దుప్పి చస్తుంది, దారిన పోయే మన ఆవు చస్తుంది, మన మనిషీ చస్తాడు. దొరికితే జైలుకు పోయేది మన పిల్లాడు. జంతువును బట్టి ఏడేళ్ల దాకా శిక్ష ఉంది. తిన్నవాడి పేరు ఎక్కడా ఉండదు. అది మన తాతల వేట కాదు, ఊళ్లో ఎవరికీ వాటా లేని కూలి వేట. దాన్ని ఫోన్‌లో తీసి రీలు పెట్టడం సంప్రదాయం అసలే కాదు.

మరి చేయాల్సింది? 2006 చట్టంలోనే 5వ సెక్షన్ చదవండి. అడవినీ, వన్యప్రాణులనూ కాపాడే అధికారం గ్రామసభకు ఉంది. సామూహిక అటవీ వనరుల హక్కుకు క్లెయిము పెట్టండి. పెట్టిన ఊళ్లలో దాన్ని వెంటపడి సాధించండి. సభలో తీర్మానం రాయండి: మా హద్దులో ఉచ్చు ఉండదు, కరెంటు తీగ ఉండదు, ఎండాకాలం చెలమలు మేమే తవ్వుతాం, నిప్పు మేమే ఆర్పుతాం. దుప్పి ఎక్కడ నీళ్లు తాగుతుందో, ఏ నెలలో ఈనుతుందో పెద్దలను అడిగి రాసి పెట్టండి. ఓజిబ్వేల దగ్గర ఉన్నది సరిగ్గా ఈ లెక్కే. రేపు వేట హక్కు గురించి మాట్లాడాల్సి వస్తే, మన చేతిలో ఆ పుస్తకం ఉండాలి.

అప్పటిదాకా కూర మానొద్దు. మేక జబ్బ మాంసం, ఎముకతో సహా కిలో తెచ్చుకోండి. ఇప్పనూనె ఉంటే అందులో, లేకపోతే ఉన్న నూనెలో వేయించండి. ఉల్లిపాయ, పసుపు, ఎండుమిర్చి, ఉప్పు. నీళ్లు నిండుగా పోసి, కట్టెల సన్న సెగ మీద రెండు గంటలు ఉంచండి. ఆఖరి అరగంటలో రెండు గుప్పిళ్లు కడిగిన సామలు వేసి కలుపుతూ ఉండండి. రసం చిక్కబడితే అయిపోయినట్టే. వడ్డించే ముందు మాత్రం ఒక గిన్నె పక్కకు తీసి, పక్కింట్లో ఒంటరిగా ఉన్న అవ్వకు పంపండి. ఆ వాటా తీసేయమని ఏ చట్టంలోనూ లేదు.

జోహార్!