రాబోవు కాలమునకు ఒక అంచనా
(గోపాలపట్నము గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



రజతోత్సవమనగా గడచిన ఇరువదియైదేండ్ల లెక్క సరిచూచుకొను దినము. పుస్తకములెన్ని చేరినవి, చదువరులెందరు పెరిగిరి, చందాలెంత వసూలైనవి అను లెక్క కార్యదర్శిగారి నివేదికకు చెందినది. ఆ లెక్కకు తరువాతి పుట ఒకటి కలదు. రాబోవు ఇరువదియైదేండ్లలో ఈ ఊరి పిల్లలు దేనిని చదువుదురు? ఈ ఊరి వర్తకులు ఏ సరుకును, ఎవరికి, ఏ మార్గమున అమ్ముదురు? ఇంటర్నెట్టు అను క్రొత్త రాజమార్గము ఎటు పోవుచున్నది? నేటి ప్రసంగమునకు ఏర్పడిన విషయమిది.

భవిష్యత్తును చెప్పుటలో రెండు రీతులున్నవి. ఒకటి జోస్యము, రెండవది అంచనా. జోస్యము వినువానిని ఆశ్చర్యపరచును. అంచనా వినువానిచేత పని చేయించును. చేలో నిలిచిన పైరును చూచి వేసిన అంకె వేరు, కళ్ళములో కొలిచిన ధాన్యము వేరు అని గ్రామ లెక్కలు తెలిసిన ప్రతివాడును ఎఱుగును. అయినను అంచనా లేనిదే గాదె సిద్ధము కాదు, బండి సిద్ధము కాదు. మంచి అంచనా వేయువాడు పైరు పచ్చదనమును చూచి మురియడు. వేళ్ళను చూచును, నీటిని చూచును, తెగులును చూచును.

ఇంటర్నెట్టును గూర్చి పూర్వము పెద్దలు వేసిన అంకెలు ఎట్లు తేలినవో మొదట చూడవలెను. భారతదేశములో ఈ సౌకర్యము 1995 ఆగస్టు 15వ తేదీన విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా ప్రజలకు అందుబాటులోనికి వచ్చినది. అదే సంవత్సరము అమెరికాలో క్లిఫర్డ్ స్టోల్ అను ఖగోళ శాస్త్రజ్ఞుడు, యంత్రము ద్వారా సరుకులు కొనుట, వార్తాపత్రికలు చదువుట అను మాటలు ఒట్టి భ్రమలని వ్రాసెను. ఈథర్‌నెట్టును కనుగొన్నవారిలో ఒకడైన రాబర్ట్ మెట్‌కాఫ్, 1996లో ఇంటర్నెట్టు కుప్పకూలునని వ్రాసెను. అది కూలలేదు. 1997లో ఆయన తాను వ్రాసిన కాగితమును నీటితో కలిపి రుబ్బి, సభలో అందరి యెదుట మ్రింగెను. తన మాటను తానే మ్రింగిన పండితుడు లోకములో అరుదు; ఆయనను మెచ్చుకొనవలసినదే.

ఇది తక్కువగా చూచిన తప్పు. ఎక్కువగా చూచిన తప్పును ఉన్నది. దానికి ఉదాహరణము తెలుగునాటనే కలదు. 1999 నవంబరులో హైదరాబాదు సత్యం సంస్థకు చెందిన సత్యం ఇన్ఫోవే, ఇండియా వరల్డ్ అను ఇంటర్నెట్టు సంస్థను రూ. 499 కోట్లకు కొనుటకు ఒప్పుకొన్నది. దేశమంతయు విస్తుపోయినది. 2000 మార్చి తరువాత అమెరికాలో ఇట్టి సంస్థల షేర్ల ధరలు వరుసగా పడిపోయినవి. ఆ గాలి ఇక్కడికిని వీచినది. ధర పడినది గాని అలవాటు పడిపోలేదు. జనులు ఇంటర్నెట్టును విడువలేదు. ఆ సత్యం ఇన్ఫోవేయే సిఫీ అను పేరుతో 2025 అక్టోబరులో విశాఖలో డేటా కేంద్రమునకును, సముద్రపు తీగలు ఒడ్డు చేరు కేంద్రమునకును పునాది వేసినది. కావున మొదటి పాఠమిది: షేరు ధరను చూచి కాలగతిని కొలువరాదు, జనుల అలవాటును చూచి కొలువవలెను.

ఆ అలవాటు తెలుగువారిలో ఎట్లు నాటుకొన్నది? ఫ్లిప్‌కార్ట్ అను సంస్థ 2007లో బెంగుళూరులో పుస్తకముల అంగడిగా మొదలైనది. దాని మొదటి అమ్మకము ఒక పుస్తకము. కొన్నవాడు మహబూబ్‌నగర్ తెలుగువాడు. ఆ పుస్తకము జాన్ వుడ్ అనువాని అనుభవ కథనము. ఆయన మైక్రోసాఫ్ట్ సంస్థలో పెద్ద ఉద్యోగమును విడిచి, నేపాళ గ్రామములలోని బడిపిల్లలకు గ్రంథాలయములు ఏర్పరచుటకు పూనుకొన్నవాడు. ఇంత పెద్ద వ్యాపారమునకు బోణీ గ్రంథాలయములను గూర్చిన పుస్తకముతో జరిగినదని ఈ సభవారు గుర్తుంచుకొనదగును.

మఱియొక ఉదాహరణము రెడ్‌బస్. తెలుగువాడైన ఫణీంద్ర సామకు 2005లో దీపావళికి బెంగుళూరు నుండి ఇంటికి పోవుటకు బస్సు టిక్కెట్టు దొరకలేదు. ఏ బస్సులో ఎన్ని చోట్లు ఖాళీగా ఉన్నవో చెప్పగల నాథుడు లేడు. ఆ కొఱతనుండి 2006లో రెడ్‌బస్ పుట్టినది. ఆయన క్రొత్త యంత్రమును కనుగొనలేదు. నలుగురికి ఉన్న ఇబ్బందిని గుర్తించెను. ఇది రెండవ పాఠము: ఇంటర్నెట్టు వ్యాపారము యంత్రమునందు పుట్టదు, ఇబ్బందియందు పుట్టును.

మూడవది అందరి చేతులలోనే యున్నది. 2016లో యు.పి.ఐ. ఏర్పడినది. ఆ యేడే సెల్‌ఫోను డేటా చౌకైనది. నవంబరు నెలలో పెద్ద నోట్లు రద్దైనవి. 2025 ఆగస్టు ఒక్క నెలలో యు.పి.ఐ. చెల్లింపుల సంఖ్య 2,000 కోట్లు దాటినది. నేడు కొబ్బరిబోండముల బండికిని చదరపు చుక్కల బొమ్మ వ్రేలాడుచున్నది. ఏ పండితుడును దీనిని ఇంత స్పష్టముగా ముందుగా చెప్పలేదు. చిల్లర దొరకని ఇబ్బంది దీనికి దారి చూపినది.

ఇక రాబోవు పైరును చూతము. కంటికి కనబడుచున్నవి నాలుగున్నవి.

మొదటిది రేవు. విశాఖ ఓడరేవు 1933లో తెరువబడినది. మధ్యరాష్ట్రముల మాంగనీసు ఖనిజము బయటికి పోవుటకు దారిగా దానిని తలచిరి. ఆ రేవు వెంట నౌకానిర్మాణశాల వచ్చినది, చమురుశుద్ధి కర్మాగారము వచ్చినది, ఉక్కు కర్మాగారము వచ్చినది. ఇప్పుడు రెండవ రేవు వచ్చుచున్నది. 2025 అక్టోబరు 14న గూగుల్ సంస్థ విశాఖలో ఐదేండ్లలో సుమారు 1,500 కోట్ల డాలర్లు వెచ్చించి కృత్రిమ మేధ కేంద్రమును నెలకొల్పుదునని ప్రకటించినది. సింహాచల క్షేత్రమునకు ఆనుకొనియున్న అడవివరము, ఆనందపురము దగ్గరి తర్లువాడ, అనకాపల్లి జిల్లా రాంబిల్లి దీనికి నిర్ణయించిన చోట్లు. ఇంతవరకు సముద్రగర్భపు తీగలు ముఖ్యముగా ముంబయి, చెన్నై తీరములకు చేరుచుండెను. ఇకమీద విశాఖ తీరమునకును చేరును.

దీని వేళ్ళను, నీటిని గూడ చూడవలెను. ప్రకటించిన శక్తి ఒక గిగావాటు, అనగా 1,000 మెగావాట్లు. పరవాడ సింహాద్రి విద్యుత్కేంద్రపు మొత్తము శక్తి 2,000 మెగావాట్లు. దానిలో సగమునకు సమానమైన విద్యుత్తును ఈ యంత్రములు కోరును. అవి వేడెక్కును, వాటిని చల్లార్చుటకు నీరో, మఱికొంత విద్యుత్తో కావలెను. చేరువనున్న మేఘాద్రిగెడ్డ నీటికై నగరము ఎదురుచూచు వేసవులను గోపాలపట్నము ఎఱుగును. కట్టడము జరుగునాళ్ళలో కూలివారికి పని దొరకును. కట్టడము పూర్తియైన పిదప అట్టి కేంద్రములను నడుపుటకు కర్మాగారములకు వలె వేలకొలది చేతులు అక్కఱలేదు. కావున అంచనా ఇది: కేంద్రమే ఉద్యోగములిచ్చునని కూర్చున్నవాడు నిరాశపడును, కేంద్రము చుట్టును పుట్టు పనులకు, అనగా విద్యుత్తు, శీతల యంత్రములు, తీగల మరమ్మతు, లెక్కలు, భాషాపనులు, వీటికి సిద్ధపడినవాడు లాభపడును. నీటి లెక్కను, విద్యుత్తు లెక్కను బహిరంగముగా అడుగు ఊరు తన హక్కును కాపాడుకొనును.

రెండవది మాట. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చిన తరువాత మనుష్యునితోవలె యంత్రముతో మాటాడుట అలవాటగుచున్నది. భారత ప్రభుత్వము 2022లోనే భాషిణి అను పథకమును దేశభాషల కొఱకు ఆరంభించినది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2025 జనవరి 30న మన మిత్ర అను పేరుతో వాట్సాప్ ద్వారా సేవలను ప్రారంభించినది. మీట నొక్కుట పోయి, తెలుగులో అడిగి తెలుగులో వినుట వచ్చును. అక్షరము రాని అవ్వకు ఇది వరము. అయితే చదువుట అక్కఱ తీరునా? తీరదు, పెరుగును. చదువరాని కాలములో ఊరివాడు నలుగురిని అడిగి సరిచూచుకొనెడివాడు. యంత్రము తప్పును గూడ తొట్రుపడక, మధురముగా చెప్పును. విన్నదానిని పుస్తకములో సరిచూడగలవాడే రాబోవు కాలమున స్వతంత్రుడు.

మూడవది అంగడి. గోపాలపట్నము సంత వీథిలోని కిరాణా వర్తకుడు నేడు రెండు ఒత్తిళ్ళ నడుమ నిలిచియున్నాడు. ఒకవైపు నిమిషములలో ఇంటికి సరుకు చేర్చు సంస్థలు. మఱియొకవైపు ఎంతో తక్కువ ధర చూపు పెద్ద సంస్థలు. ఇంటింటి అవసరమెఱుగుట, అరువు ఇచ్చుట, పుచ్చినది మార్చి యిచ్చుట అతని బలములు. ఈ బలములను ఫోనులోనికి ఎక్కించుకొన్నవాడు నిలుచును. ఇక ఏటికొప్పాక లక్కబొమ్మలు 2017లో భౌగోళిక గుర్తింపు పొందినవి. అరకు కాఫీ 2019లో పొందినది. ఇట్టి పేరున్న సరుకులకు ఇంటర్నెట్టు లోకమంతయు సంతయే. అయితే లెక్క రాని వానికి సంత పెద్దదైనకొలది నష్టము పెద్దదగును. ఒక బొమ్మ రూ. 500కు అమ్ముడైనదనుకొనుడు. కమీషను, పార్సెలు, ప్రకటన కలిసి రూ. 150 పోయినచో రూ. 350 మిగులును. కఱ్ఱ, లక్క, రంగు, కూలి అందులోనుండియే రావలెను. పది బొమ్మలలో ఒకటి తిరిగి వచ్చినచో దాని రానుపోను ఖర్చు తక్కిన తొమ్మిదింటిపై పడును. అమ్మకమును జూచి జమ అనుకొన్నవాడు సంవత్సరాంతమున ఖర్చును జూచి దుఃఖించును. రేపటి రోజున కొనువాని బదులు యంత్రమే సరుకు నెంచును. అప్పుడు దాని నోట తన పేరు పలికించుకొనుటకు వర్తకుడు మఱియొక ఖర్చు పెట్టవలసివచ్చును. ఆ పద్దునకు ఇప్పుడే చిట్టాలో చోటు విడిచియుంచుట మేలు.

నాలుగవది తెగులు. మోసము వ్యాపారముతో సమానముగా పెరుగును. పోలీసు వేషముతో వీడియోలో కనబడి 'డిజిటల్ అరెస్టు' అని భయపెట్టువారు బయలుదేరిరి. అట్టి అరెస్టు ఏ చట్టములోను లేదు. డబ్బు పుచ్చుకొనుటకు యు.పి.ఐ. రహస్యాంకె ఎన్నడును అక్కఱలేదు; ఇచ్చుటకే కావలెను. మోసపోయినవాడు సిగ్గుపడి దాచక, వెంటనే 1930 అను సంఖ్యకు ఫోను చేసినచో డబ్బు నిలుపుదలకు అవకాశముండును. ఇకమీద కొడుకు గొంతును, కూతురి ముఖమును గూడ యంత్రము అనుకరించును. కావున ప్రతి ఇంటను ఆపత్కాలమునకు ఒక రహస్యపు మాట ఏర్పరచుకొనుట మంచిది.

ఇన్ని చెప్పి ఫలమేమి? మహాభారతము ఆదిపర్వములో విదురుని కథ అందరెఱిగినదే. వారణావతములో లక్క యింటిని పురోచనుడు కట్టించెను. విదురుడు ధర్మరాజునకు గూఢముగా హెచ్చరిక చేసెను. అంతటితో ఊరకుండెనా? సొరంగము త్రవ్వు నేర్పరిని పంపెను. హెచ్చరిక ఒక్కటియే అయినచో పాండవులు భయముతో నిద్ర మాని యుందురు. సొరంగముండుట చేత బ్రదికిరి. ఇంటర్నెట్టు లక్క యిల్లని దీని భావము కాదు. ఆ లక్కతోనే ఏటికొప్పాకలో బొమ్మలు చేసి కుటుంబములు జీవించుచున్నవి. వస్తువునందు దోషము లేదు. సిద్ధముగా నుండకపోవుటయందే దోషము. సొరంగము త్రవ్వని భవిష్యద్వాణి వ్యర్థము.

ఈ ఊరికి ఆ సొరంగము గ్రంథాలయమే. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము 1914లో బెజవాడలో ఏర్పడినది. 1935లో పాతూరి నాగభూషణముగారు కొల్లూరు, పెదవడ్లపూడి నడుమ కాలువపై పడవలో గ్రంథాలయమును నడిపించిరి. కాలువ సేద్యమునకును సరుకులకును ఏర్పడినది. ఆ మహనీయుడు దానిని పుస్తకమునకు గూడ దారి చేసెను. నేటి కాలువ ఇంటర్నెట్టు. దానిమీద సరుకులు వచ్చుచున్నవి. చదువును గూడ ఎక్కించుట గ్రంథాలయము వంతు.

అందుకు మూడు పనులు చాలును. వారమునకొక సాయంకాలము ఎవరైనను తమ ఫోనుతో వచ్చి, అర్థముకాని సందేశమును, ఒప్పందపు షరతులను చదివించుకొనుటకు వీలుండవలెను. చదువుకొన్న యువకులు ఆ పనికి కూర్చొనవలెను. రెండవది, ఇంటినుండి సరుకు అమ్మదలచిన స్త్రీలకు, చిన్న వర్తకులకు జమాఖర్చు నేర్పవలెను. రాష్ట్రములోపల జి.ఎస్.టి. పరిమితికి లోబడి అమ్ముకొను చిన్నవారు పూర్తి రిజిస్ట్రేషను లేకయే ఈ సంస్థల ద్వారా అమ్ముకొనుటకు 2023 అక్టోబరు 1 నుండి వీలున్నది. ఇది తెలియనివారు చాలమంది. మూడవది, తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైనది. ఈ ప్రాంతపు చెరువులు, గుడులు, వృత్తులు, పెద్దలకు తెలిసిన పేర్లు ఆధారములతో అందులో చేరవలెను. యంత్రము తాను చదివినదానినే చెప్పును. తెలుగువారు తెలుగులో వ్రాయనిచో, గోపాలపట్నమును గూర్చి దానికి తెలిసినది పరులు వ్రాసినదే అగును.

ఈ అంచనాలో కొన్ని అంకెలు తప్పవచ్చును. ఇరువదియైదేండ్ల తరువాత స్వర్ణోత్సవము చేయువారు ఈ సంచికను తెరచి, కళ్ళములో కొలిచిన ధాన్యముతో దీనిని సరిచూతురుగాక. అంచనా తప్పినను లోపము లేదు. గాదె ఖాళీగా ఉండరాదు. దానిని నింపువారు ఈ సభలోనే, ఈ పిల్లలలోనే ఉన్నారు.

స్వస్తి.