ఫ్లష్ ట్యాంకు సంగతులు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

డి.ఏ. బకాయిల గురించి వినవచ్చిన మీకు ఫ్లష్ ట్యాంకు గురించి చెప్పబోతుంటే కొందరు నవ్వుతున్నారు. నవ్వండి. కాని వేసవిలో ట్యాంకరు నీళ్ళు కొనుక్కునే ఇళ్ళలో ఇది నవ్వులాట కాదు.

గొలుసు లాగే పాత ఇనుప ట్యాంకుల సంగతి వేరు. ఇప్పటి చాలా ట్యాంకుల్లో మీట నొక్కగానే అడుగున ఉన్న రబ్బరు మూత లేచి, నీళ్ళన్నీ ఒక్కసారి కిందికి దూకుతాయి. నీటితోపాటే తేలే బంతీ దిగి, పక్కనున్న వాల్వును తెరుస్తుంది. నీళ్ళు నిండేకొద్దీ బంతి లేచి వాల్వును మూసేస్తుంది. అంతే యంత్రం.

చిక్కల్లా రబ్బరుతోనే. బోరు నీళ్ళకు దానిమీద తెల్లటి పొర కడుతుంది, కొన్నాళ్ళకు అది బిరుసెక్కుతుంది. అప్పుడు నీళ్ళు ప్యాను గోడవెంట చప్పుడు లేకుండా జారిపోతుంటాయి. నిమిషానికి ఒక గ్లాసు, అంటే 200 మిల్లీలీటర్లు పోయినా రోజుకు 288 లీటర్లు! అర్ధరాత్రి ఎవరూ మీట నొక్కకుండానే ట్యాంకు తనంతట తాను నిండే చప్పుడు వినబడితే అనుమానించండి.

పరీక్షకు బట్టలకు పెట్టే నీలం చాలు. కాస్త ట్యాంకులో కలిపి, అరగంట ఎవరినీ మీట ముట్టుకోనివ్వకండి. ప్యానులో నీలిరంగు కనబడితే కింది రబ్బరు కారుతున్నట్టే. ముందు నీళ్ళ కాక్ కట్టేసి, ట్యాంకు ఖాళీ చేసి, రబ్బరునూ అది కూర్చునే అంచునూ గుడ్డతో తుడవండి. ఆగకపోతే రబ్బరు మార్పించండి. అలా కాక, నీళ్ళు పైకెక్కి నిలువు గొట్టంలోకి పొర్లుతుంటే తప్పు బంతిది. ఇత్తడి కాడ అయితే కొద్దిగా కిందికి వంచాలి, ప్లాస్టిక్‌దైతే మర తిప్పాలి. బంతిలోకే నీళ్ళు చేరితే అది తేలదు, కొత్తది వేయించవలసిందే.

నీళ్ళు ఆదా అవుతాయని లోపల ఇటుక పెట్టేవారున్నారు. అది నాని, పొడి రాలి, రబ్బరు కింద ఇరుక్కుంటుంది. ఆ పని నాకు నచ్చదు.

ఒక్క విషయం గట్టిగా చెబుతాను. ప్యాను మరకలకు యాసిడ్ పోసి, ఆ వెంటనే బ్లీచింగ్ పౌడరు చల్లడం కొన్ని ఇళ్ళలో చూశాను. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. తలుపు మూసిన చిన్న గదిలో, ఆయాసం ఉన్నవారికి అది ప్రాణం మీదికి తెస్తుంది. కోడళ్ళకూ, పనివాళ్ళకూ కూడా చెప్పండి. అలాగే పింగాణీ మూత బరువు. తడి నేలమీద నిలబడి ఒంటరిగా ఎత్తకండి, మనవణ్ణి పిలవండి. ఎత్తుమీది ట్యాంకైతే స్టూలెక్కే పని ప్లంబరుకే వదిలేయండి.

పిల్లల దగ్గరికి నెలా రెండు నెలలు వెళ్ళేటప్పుడు గ్యాసు కట్టినట్టే ట్యాంకు కాక్ కూడా కట్టి వెళ్ళండి. సందేహాలుంటే భోజనాల దగ్గర అడగండి. సెలవు.